చిచ్చా కుట్టిన ఊరు

మొన్న మా మనవడు ప్లాట్ల బొమ్మ ఒకటి తెచ్చి నా మంచం మీద పరిచాడు. ఇబ్రహీంపట్నం నుంచి శేరిగూడ పోయే దారిలో వెంచరు వేస్తున్నారట. నున్నటి కాగితం. రంగురంగుల గళ్ళు, గళ్ళ మధ్య రోడ్లు, ఒక పక్కన పచ్చగా పార్కు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం రంగులో ఒక కాలువ.

"గీ కాలువేందిరా? ఆడ కాలువ యాడుంది?" అన్నాను.

"ఇంక తవ్వలే నానమ్మా. తవ్వుతరట. కాలువ పక్క ప్లాటంటే మస్తు గిరాకి ఉంటది."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేని కాలువను అక్కడ పారించినవాళ్ళలో వీళ్ళు మొదటివాళ్ళు కాదు. యాభై ఏళ్ళ కిందట అదే నేల మీద ఒకాయన లేని కాలువ పారించాడు. అందులో మా బావి కొట్టుకుపోయింది. బావితో పాటు ఇంకా చాలా పోయింది. "మడిచి తీసుకపో, నా కండ్ల ముందల వెట్టకు" అని కసిరాను. పాపం, వాడికేం తెలుసు, బిత్తరపోయి వెళ్ళిపోయాడు.

ఆయన్ని ఊరంతా చిచ్చా అనేది, అంటే చిన్నాయన అని. పిల్లలూ చిచ్చా అనేవారే, ముసలివాళ్ళూ చిచ్చా అనేవారే. ఆయన అసలు పేరు నాకు తెలుసు. కానీ రాయను. పేరు రాసి గౌరవించేంత మంచి నాకు ఆయన చేయలేదు.

నేను కాపురానికి వచ్చేనాటికి నిజాం రాజ్యం. ఊరికి దొర ఉండేవాడు, దొరకు కోటలాంటి గడీ ఉండేది, గడీకి వెట్టి చేయని గడప ఊళ్ళో లేదు. చిచ్చా మా గల్లీ చివర ఉండేవాడు. దూది ఏకడం, పరుపులు, బొంతలు కుట్టడం ఆయన పని. గోడకు ఆనించిన ఆ పెద్ద విల్లు, ఆ నారి కొడుతుంటే వచ్చే టంగుమనే చప్పుడు, ఇంటినిండా ఎగిరే పీచు. ఆయన కనుబొమల మీద ఎప్పుడూ ఇంత దూది. నెత్తి మీది టోపీ అంచుకు సూది గుచ్చి ఉండేది. ఆ సూది బయటకు తీశాడంటే మాట మొదలవుతుందని అర్థం. మళ్ళీ టోపీకి గుచ్చాడంటే ఇక లేచి పొమ్మని. మధ్యలో ఎవరెంత బతిమాలినా ఒక్క ముక్క కూడా చెప్పేవాడు కాదు.

ఆయన మాట ఒకటుండేది: "గట్ల గాకపోతే?"

ఈ మాటతో ఆయన ఒక ఊరినే కట్టాడు. కట్టడమంటే నిజంగానే. తన సొంత బొంత ఒకటుండేది, రెండు మంచాలంత వెడల్పు. అది ఎవరికీ అమ్మడానికి కాదు. దాని మీద మా ఇబ్రహీంపట్నం మొత్తం గుడ్డ ముక్కలతో కుట్టి ఉండేది. కానీ మేమున్న ఇబ్రహీంపట్నం కాదు, వేరేలా జరిగుంటే ఉండే ఇబ్రహీంపట్నం.

నేను మొదటిసారి చూసినప్పుడు టోపీలోంచి సూది తీసి, దాని కొసతో చెరువు కట్టను చూపించాడు.

"దొర ముత్తాత మన ఊరికి మొదటిపారి వచ్చిన దినం గీ కట్ట మీదనే ఆయన గుర్రం కాలు జారింది బిడ్డా. జారింది గని పడలే. పెద్దోళ్ళు చెప్పంగ విన్న. పడ్డదనుకో. దొర ముత్తాత నడుము ఇరిగింది, పల్లకిల ఏసుకొని వాపస్ తీస్కపోయిండ్రు. ఇంకేమైతుండె, చెప్పు?"

నేనేం చెబుతాను? కొత్త కోడల్ని.

"గడీ ఉండకపోతుండె. చెరువుకు తూర్పు తూము మూసిందెవరు? ఆ ముత్తాతే. ఆయన రాకపోతే తూము తెరిచే ఉంటుండె. గీ దిక్కుకు కాలువ పారుతుండె."

నీలం గుడ్డ సన్నగా చీల్చి కుట్టిన కాలువ, చెరువు నుంచి బయలుదేరి మా మెట్ట చెలకల మీదుగా మెలికలు తిరుగుతూ పోయేది. దాని రెండు పక్కలా ఆకుపచ్చ ముక్కలు. ఎవరి పొలానికి వాళ్ళింటి పాతబట్టే. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చేవాడు. మా పొలం మా అత్త చీర కొంగు. అది వెలిసిపోయిందని, పక్కవాళ్ళ పొలం కంటే మాది ఎండినట్టు కనిపిస్తోందని మా అత్త ఒకరోజు గునుస్తూ పోయి, కొత్తగా ఉన్న రవికె గుడ్డ ఇచ్చి వచ్చింది. నవ్వుకోండి. ఇద్దరు అన్నదమ్ములైతే ఆ బొంత మీది కాలువ నీళ్ళు ఎవరి పొలానికి ముందు పారాలని కొట్టుకుని ఏడాది పాటు మాట్లాడుకోలేదు. నిజం పొలాల్లో వాళ్ళకు పంచుకోవడానికి చుక్క నీళ్ళు లేవు.

ఆయనకు ఒక నియమం ఉండేది. దాని దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. "ఒక్కటే మార్చాలె. మిగిలినయన్ని దాని ఎనక అయే రావాలె. రెండు మార్చితే అబద్ధమైతది" అనేవాడు. ఎవరో వచ్చి, "చిచ్చా, నాకు ఇద్దరు పెండ్లాలున్నట్టు కుట్టు" అంటే, "గుర్రం పడ్డదానికీ నీ పెండ్లాలకూ ఏం సంబంధం? పో" అని తరిమాడు.

మా బావి మాత్రం ఆ బొంత మీద లేదు. అది ఉండాల్సిన చోటుకు ఇవతలగా కాలువ మెలిక తిరిగి పోయేది. మా చెలకలో మోటబావి ఉండేది, మండు వేసవిలోనూ నీళ్ళుండేవి. నేను అడిగాను. "కాలువ పారంగ బాయెందుకు బిడ్డా, ఎవలు తవ్వుతరు?" అన్నాడు. అది నిజమే అనిపించింది. ఆయన ఇల్లు కూడా లేదు. అదీ అడిగాను. నవ్వి సూది టోపీకి గుచ్చేశాడు.

ఇప్పుడు లచ్చవ్వ సంగతి చెప్పాలి. లచ్చవ్వకు ఒక్కడే కొడుకు. దొర సామాన్లు నెత్తిన పెట్టించి నడి ఎండాకాలం పట్నం పంపారు, వెట్టికి. దారిలోనే వడదెబ్బకు పడి ప్రాణం విడిచాడు. మరి గుర్రం పడితే దొర లేడు, దొర లేకపోతే వెట్టి లేదు, వెట్టి లేకపోతే ఆ పిల్లాడు చావడు. అందుకని బొంత మీద వాడు బతికే ఉన్నాడు. కాలువ మెలిక తిరిగే చోట, గట్టు మీద, వాడి ఇల్లు. లచ్చవ్వ దాచుకున్న వాడి అంగీ ముక్కతోనే కుట్టాడు.

ప్రతి అంగడి రోజూ లచ్చవ్వ వచ్చేది. కూరగాయల గంప దించి, గుమ్మంలో కూర్చుని అడిగేది.

"నా కొడుకు ఎట్లున్నడు చిచ్చా?"

ఆయన సూది తీసేవాడు. బొంత మీద వంగి చూసేవాడు. "మంచిగున్నడు లచ్చవ్వా. నిన్న బండి ఇరుసు ఇరిగింది. వడ్లాయన దగ్గరికి తీస్కపోయిండు."

"ఎండల తిరగొద్దని చెప్పు. నెత్తికి రుమాలు కట్టుకొమ్మను."

"చెప్త."

నేను ఒకసారి ఇది చూసి ఉండబట్టలేకపోయాను. లచ్చవ్వ వెళ్ళగానే అడిగేశాను. "ముసల్దాన్ని ఎందుకట్ల మోసం జేస్తవ్ చిచ్చా? నీకు పాపం తాకదా?"

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించేది. "మోసం ఏడుంది బిడ్డా? గుర్రం పడితే వాడు బతుకుతుండెనా లేదా? గది నిజమే గదా" అన్నాడు. లెక్క సరిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

మా చెలకకు ఆనుకుని దొర భూమి. మా బావి మీద వాళ్ళ కన్ను ఎప్పటి నుంచో ఉంది. ఒక ఏడాది దొర గుమాస్తా వచ్చి, హద్దు ఇక్కడ కాదు, బావికి ఇవతల అన్నాడు. అంటే బావి దొరదని. మా మామ ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. కానీ బావి తన తండ్రి తవ్విందయ్యె. పోయి మొర పెట్టుకున్నాడు. భూముల తగాదాలు చూసే గిర్దావర్ వచ్చి, మీ ఊరి ఆనవాయితీ ప్రకారం పెద్దమనిషి చేత హద్దు నడిపించండి, ఆయన నడిచిందే హద్దు అని తేల్చాడు.

ఆ ఆనవాయితీ ఇది. నడిచేవాడికి సొంత భూమి ఉండకూడదు. తలారా స్నానం చేసి, తడిబట్టలతో, తగాదా ఉన్న నేల నుంచే తీసిన మట్టిపెళ్ళ నెత్తిన పెట్టుకుని నడవాలి. నెత్తిన మట్టి ఉన్నంతసేపు నోరు విప్పకూడదు. ఎక్కడ నడిస్తే అక్కడ రాళ్ళు పాతేస్తారు. ఒకసారి నడిచాక మళ్ళీ నడక లేదు. అబద్ధం నడిచినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని ఊరి నమ్మకం.

భూమి లేనివాడు, అందరికీ కావలసినవాడు ఎవరు? చిచ్చాయే. దొర గుమాస్తా కూడా వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడే మాకు అనుమానం రావలసింది. ముందు రోజు చిచ్చా మా ఇంటికి వచ్చి మా మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ జెయ్యకు. మీ అయ్య బాయి తవ్విన నాడు తట్ట మోసింది నేను గాదా? రాతిగుండు కాడికెళ్ళి ఈతచెట్ల దాక సక్కగ గీత. కండ్లు మూసుకొని నడుస్త."

మా అత్త ఆయనకు కడుపునిండా అన్నం పెట్టింది. నేనే వడ్డించాను.

పొద్దున్నే ఊరంతా చెలక దగ్గర చేరింది. చిచ్చా మా బావి నీళ్ళతోనే స్నానం చేశాడు. మా మామ తన చేత్తో మట్టిపెళ్ళ తీసి ఆయన నెత్తిన పెట్టాడు. గుండు దగ్గర నుంచి నడక మొదలైంది. చక్కగా నడుస్తున్నాడు, ఈతచెట్ల వైపే. నా చంకలో నా బిడ్డ. అప్పుడే పాకడం నేర్చింది, చంకలో ఒక క్షణం ఉండేది కాదు. నా పెనిమిటి నా వైపు చూసి, అయిపోయింది, గెలిచాం అన్నట్టు తలాడించాడు.

సగం దూరం పోయాడో లేదో, లచ్చవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పుల్లేవు, కొంగు జారిపోతోంది. సూటిగా పోయి ఆయన ముందు నిలబడింది.

"చిచ్చా, నా కొడుకు ఇల్లు పోతదంట గదా? గుమాస్తా చెప్పిండు. నువ్వు ఇట్ల నడిస్తే కాలువ లేనట్టేనంట. కాలువ లేకుంటే నా కొడుకు లేనట్టేనంట. వాని ఇల్లు గట్టు మీదనే గదా చిచ్చా ఉన్నది? కాలువ యాడికెళ్ళి పోతదో జర సూపియ్యి. నీ కాల్మొక్త, సూపియ్యి."

ఊరు ఊరంతా గుడ్లప్పగించి చూస్తోంది. ఒక్కరంటే ఒక్కరు ఆ ముసలిదాన్ని పక్కకు లాగలేదు. గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మూతి మీద నవ్వు ఇప్పటికీ నాకు కనబడుతుంది. బొంత గురించి ఊళ్ళో తెలియనిదెవరికి? వాడు దాన్ని మాకంటే బాగా చదివాడు.

చిచ్చా ఆగిపోయాడు. నోరు విప్పకూడదు. నెత్తిన మట్టి తడికి కరిగి చెంపల మీదుగా ఎర్రగా కారుతోంది. ఈతచెట్ల వైపు చూశాడు. లచ్చవ్వ మొహంలోకి చూశాడు.

తర్వాత పక్కకు తిరిగాడు. బావికి ఇవతలగా, మెలిక తిరుగుతూ, ఇరవై ఏళ్ళుగా తన వేళ్ళు కుట్టిన దారి వెంట నడిచాడు. లేని కాలువ గట్టు మీద, కాలు జారకుండా, జాగ్రత్తగా. ఆయన వెనకే గడీ మనుషులు రాళ్ళు పాతుకుంటూ పోయారు. లచ్చవ్వ ఏడుస్తూ నవ్వుతూ ఆయన పక్కనే నడిచింది.

మా అత్త అక్కడే కూలబడి చిచ్చా పోయిన దిక్కుకు మన్ను ఎత్తి పోసి శపించింది. మా మామ బావి మీది మోటతాడు విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే చిచ్చా మా గడపకు వచ్చాడు. మొహాన మట్టి ఇంకా ఎండి అంటుకునే ఉంది. ఇంట్లో ఎవరూ లేవలేదు. నేను ఎదురుపోయాను.

"మీకు ఇంకో చెలక ఉన్నది బిడ్డా. రెక్కలున్నయ్. ఆమెకేమున్నది?" అన్నాడు.

"చచ్చిపోయిన పిల్లగానికి ఇల్లు నిలవెట్టి, బతికున్న మా నోట్ల మన్ను కొట్టినవ్. నీకు ఆమె ఒక్కతే మనిషి, మేం గాదు? మా అన్నం తిన్నవ్ గదా నిన్న? పో, ఎల్లిపో. మళ్ల మా గడప తొక్కినవంటే మంచిగుండదు!"

అంత మాట పెద్దవాణ్ణి అన్నందుకు నాకు ఏనాడూ విచారం లేదు. ఇప్పుడైనా అదే అంటాను.

లచ్చవ్వ ఆ ఎండాకాలమే పోయింది. నిద్రలోనే, సుఖంగా పోయిందన్నారు. ఎందుకు పోదు? కొడుకు కాలువ గట్టు మీద బండి తోలుకుంటూ ఉన్నాడయ్యె.

మాకేమో బావి లేదు. అడిగితే దొర మనుషులు కుక్కల్ని ఉసిగొల్పేవారు. కుంటలో అడుగున మిగిలిన నీళ్ళు గుడ్డతో వడపోసుకుని తాగాం. వానలు మొదలయ్యేసరికి ఊళ్ళోకి గత్తర వచ్చింది, కలరా. కుంట నీళ్ళు తాగిన ఇళ్ళలోనే వచ్చింది. పొద్దున విరేచనాలు పట్టుకున్న నా బిడ్డ సాయంత్రానికి లేదు. ఇంకా నడక రాలేదు దానికి.

అబద్ధం నడిచినవాడు ఏడాదిలో పోతాడన్నారు కదా. ఏడాది తిరిగింది. ఆయనకు జలుబు కూడా చేయలేదు. తీర్పు చెప్పే దేవుడెవరో గానీ ఇల్లు తప్పి మా ఇంట్లో దూరాడు.

పోలీసు యాక్షన్ వచ్చి దొర పట్నం పారిపోయినప్పుడు, ఇప్పుడైనా బావి వస్తుందని మా మామ ఆశపడ్డాడు. దొర పోతూ పోతూ ఆ నేల ఎవరికో అమ్మేసి పోయాడు. చేతులు మారి మారి ఇవాళ వెంచరైంది. చిచ్చా ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆయన పోయినప్పుడు ఊరంతా జనాజా వెంట నడిచింది. మా ఇంటివాళ్ళు నడవలేదు.

కానీ ఒకటి ఉంది, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. బిడ్డ పోయిన కొన్నాళ్ళకు నేను ఆయన ఇంటికి పోయాను. ఊరికే పోలేదు. కొడవలి తీసుకుని పోయాను. ఆ బొంతను ముక్కలు ముక్కలు చేయాలని. ఆ బొంత ఊళ్ళో అందరూ పచ్చగా ఉన్నారు కదా, ఒక్కరూ ఉండకూడదని.

గుమ్మంలోనే ఆగిపోయాను. పాత బొంత లేదు. కుట్లన్నీ విప్పేసి, ముక్కలు ఒక మూలన కుప్పగా పోసి ఉన్నాయి. నీలం కాలువ చుట్టచుట్టి పక్కన పడేసి ఉంది. ఆయన ఒళ్ళో కొత్త బొంత, చిన్నది. నన్ను చూశాడు, కొడవలి చూశాడు. కదలలేదు.

"సూడు బిడ్డా, చూసినంక కోసెయ్" అన్నాడు.

చూశాను. మధ్యలో పెద్దగా నల్లటి ముక్క. గడీ.

"గుర్రం పడలే," అన్నాడు చిచ్చా. సూది కొస గడీ మీద పెట్టాడు. "దొర ముత్తాత వచ్చిండు. గడీ కట్టిండు. తూము మూసిండు. వెట్టి వెట్టిండు. లచ్చవ్వ కొడుకు ఎండకు పోయిండు. అన్నీ అయినట్టే అయినయ్. ఒక్కటే మార్చిన."

గుండు దగ్గర నుంచి ఈతచెట్ల దాకా ఎర్రదారంతో ఒకే ఒక గీత, ఎక్కడా వంకర లేదు.

"గిది నేను. ఆ దినం సక్కగ నడిచిన."

గీతకు మా వైపున గుండ్రంగా ఒక బావి. ఆ గుడ్డ నేను గుర్తుపట్టాను. నా బిడ్డ పుట్టినప్పుడు దానికి ఆయనే పొత్తిళ్ళ బొంత కుట్టి ఇచ్చాడు. అందులో మిగిలిన ముక్క.

"మీ బాయి మీకే ఉన్నది. కుంట నీళ్ళు మీరు తాగలే."

అరవాలనుకున్నాను. ఇప్పుడా నడిచేది అని అడగాలనుకున్నాను. ఈ గీత ఆనాడు నీ కాళ్ళకు ఎందుకు తట్టలేదని, మా బతుకు నీకు గుడ్డపీలికా అని. ఆ మాటలన్నీ నా గొంతులో ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. నోరు తెరిస్తే వచ్చింది అవి కాదు.

"నా బిడ్డ నడుస్తున్నదా?" అని అడిగాను.

ఆయన బొంత మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"అవ్ బిడ్డా. ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్నది. బాయి దిక్కే పోతున్నది, జర సూసుకో."

కొడవలి ఎప్పుడు కింద పడేశానో తెలియదు. నా చెయ్యి బొంత మీది బావికి అడ్డంగా పోయింది.